గాలిని కొలిచిన పెట్టె

మన పాఠశాల వార్షిక పత్రికకు నేనేదైన నొక వ్యాసము వ్రాయవలెనని సంపాదకవర్గమువారు మూడేండ్లుగా నన్నడుగుచున్నారు. పరీక్షాపత్రములు దిద్దవలసియున్నదని చెప్పి రెండేండ్లు తప్పించుకొంటిని. ఈ యేడు అట్లు చేయుటకు మనస్సొప్పలేదు. 2025వ సంవత్సరపు మిరప కాలములో నా వలన నొక పొరపాటు జరిగినది. దానిని నా తరగతిలో చెప్పితిని గాని, తరగతిలో చెప్పినది నలుబదిమందికి మాత్రమే తెలియును. మన విద్యార్థుల యిండ్లలో ఉబ్బసముతో బాధపడువారు చాలమంది కలరు. వారికి ఉపయోగపడవచ్చునని యిది వ్రాయుచున్నాను.

ఉబ్బసమన్న నాకు చిన్ననాటినుండియు భయము. మా తాతగారికి ఆ వ్యాధి యుండెను. చలికాలపు రాత్రులందు ఆయన మంచముపై కూర్చుండి, రెండు చేతులును మోకాళ్లపై ఆనించి, గాలికొరకు పెనగులాడుచుండెడివారు. ఎండిన ఉమ్మెత్తాకును చుట్టగా చుట్టి కాల్చి ఆ పొగ పీల్చెడివారు. ఊపిరి యాడనివానికి పొగ మందా యని మీరు నవ్వవచ్చును. కాని ఉమ్మెత్తలో అట్రోపిన్ అను పదార్థము కలదు. అది శ్వాసనాళముల బిగువును కొంత సడలించును. దానికి బంధువైన ఇప్రాట్రోపియం అను మందును నేటి వైద్యులును వాడుచున్నారు. తాతగారికి ఉపశమనమిచ్చినది ఆ పదార్థము. దాని వెంట లోనికి పోయిన పొగ ఎంత చెరుపు చేసెనో కొలిచినవారు లేరు. (ఉమ్మెత్త విషము. పిల్లలెవరును దాని జోలికి పోవలదు.)

ఇక నేను చెప్పబోవు బాలుని సంగతి. అప్పుడతడు తొమ్మిదవ తరగతి. పేరు వ్రాయను, తెలిసినవారికి తెలియును, తెలియనివారికి అక్కర లేదు. వారిది మన పాఠశాలకు రెండు కోసుల దూరమునందలి పల్లె. తండ్రి ఎకరమున్నర నల్లరేగడి కౌలునకు తీసికొని మిరప వేయును. మరి యొక ఎకరమున ప్రత్తి. తల్లి తమ పొలములోను, పని లేనప్పుడు ఇతరుల కల్లములలో తొడిమలు తీయుటకును పోవును. బాలుడు లెక్కలలో చురుకైనవాడు. వ్యాయామపు గంటలో మాత్రము రెండు చుట్లు పరుగెత్తి కూలబడును. మొదట నేను దానిని బద్ధకమనుకొంటిని. ఒకనాడు దగ్గరకు పోయి వినగా, ఊపిరి విడుచునప్పుడు అతని రొమ్ములో పిల్లనగ్రోవివంటి కూత వినవచ్చెను. ఆ కూత నేను మరచిపోదగినది కాదు.

ఉబ్బసమనగా శ్వాసనాళముల లోపలి పొర ఎల్లప్పుడును కొంత వాచియుండుట. బయటికి ఏమియు కనబడదు. పొగయో, ధూళియో, చలిగాలియో, జలుబో తగిలినంతనే నాళముల చుట్టునున్న కండరములు బిగిసి, జిగురు పేరుకొని, దారి యిరుకగును. ఏది తగిలిన రేగునో అందరికి నొకటి కాదు. కావున నీ బాలునికి ఏది తగులుచున్నదో కనుగొనవలెనని నాకు కోరిక కలిగెను.

అప్పుడే మన పూర్వవిద్యార్థి యొకడు హైదరాబాదునుండి మన విజ్ఞానశాస్త్రపు గదికి నొక చిన్న పెట్టెను బహుమానముగా పంపెను. సబ్బుపెట్టెయంత యుండును, అరచేతిలో ఇముడును. గాలిలోని సన్నని రేణువులెన్ని యున్నవో అంకెలలో చూపును. దీనినే వాయు కాలుష్యపు సెన్సారు అందురు. వెల కొన్నివేల రూపాయలు. దాని పని తీరు మీకు తెలియనిది కాదు. తలుపులు మూసిన గదిలో కిటికీ సందునుండి ఎండ పడునప్పుడు ఆ వెలుగుబాటలో నలుసులు తేలుచుండుట మీరెల్లరును చూచినారు. 1870వ సంవత్సర ప్రాంతమున జాన్ టిండాల్ అను శాస్త్రజ్ఞుడు అట్టి వెలుగుబాటనే పట్టుకొని గాలిలోని ధూళిని పరీక్షించెను. ఈ పెట్టెలో సూర్యునికి బదులు లేజరు దీపము, కంటికి బదులు వెలుగును గ్రహించు నొక చిన్న పలక. బుల్లి పంఖా గాలిని లోనికి లాగును. రేణువుపై పడి చెదరిన వెలుగును పలక లెక్కించును. అది ముఖ్యముగా లెక్కించునది పీ.ఎం. 2.5 అను రేణువులను, అనగా రెండున్నర మైక్రానులకు మించని వానిని. మన తలవెండ్రుక మందములో అది ముప్పదియవ వంతు. ముక్కు వీనిని ఆపజాలదు. ఊపిరితిత్తుల అడుగువరకు పోవును.

అంకె చూచినంతనే భయపడరాదనియు, సంతోషింపరాదనియు మొదటనే బాలునికి చెప్పితిని. మన దేశములో 2009లో ఏర్పరచిన ప్రమాణము ప్రకారము ఘనమీటరు గాలిలో ఈ రేణువులు దినమునకు సగటున 60 మైక్రోగ్రాములకు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 అని నిర్ణయించినది. ఇవి యిరువదినాలుగు గంటల సగటులు. ఒక నిమిషమున కనబడిన అంకెకు వీనితో నేరుగా పోలిక లేదు. మరియు పుష్యమాసపు మంచు వేళలందు రేణువులు నీటిని పీల్చి ఉబ్బును గనుక, పెట్టె ఉన్నదానికంటె హెచ్చు చూపును. ఇంతవరకు నాకు తెలియును. దీనికంటె ముఖ్యమైన యింకొక సంగతి నాకు తెలియలేదు. దానిని ముందు చెప్పెదను.

బాలుడు పెట్టెను సంచిలో పెట్టుకొని యొక నెలపాటు తిరిగెను. నోటు పుస్తకములో గీతలు గీసి, వేళ, చోటు, అంకె, అప్పుడేమి జరుగుచున్నదో, రొమ్ము ఎట్లున్నదో వ్రాయవలెనని చెప్పితిని. ఈ పద్ధతి నా కల్పన కాదు. హైదరాబాదు సమీపమునందలి 28 గ్రామములలో ‘చాయ్’ అను పేరుతో గాలికిని గుండెజబ్బులకును గల సంబంధమును గూర్చి యొక పరిశోధన జరిగినది. దానిలో కొందరు గ్రామస్థులు గాలిని కొలుచు యంత్రముతోపాటు చిన్న కెమెరానుకూడ ధరించి తమ పనులు చేసికొనిరి. ఎంత యని యంత్రము చెప్పును. ఏమి చేయుచుండగా అని కెమెరా చెప్పును. మాకు కెమెరా లేదు. నోటు పుస్తకము కలదు. అమెరికాలోని లూయీవిల్ నగరమున ఉబ్బస రోగుల ఇన్‌హేలర్లకే సెన్సార్లు తగిలించి, ఎచ్చట ఎప్పుడు మందు పీల్చవలసివచ్చెనో పటముపై గుర్తించిరట. గుంటూరును ఒంగోలును, 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమునందు గాలి బాగుపడవలసిన పట్టణముల పట్టికలో చేరినవే. కాని పట్టణపు కూడలిలోని యంత్రము పల్లెలోని వంటపాకను చూడజాలదు గదా.

ఆ నెల లెక్క మమ్ముల నాశ్చర్యపరచినది. మిరప బస్తాల లారీలు పోవు దారి చెడ్డదని నేననుకొంటిని. అది కొంతవరకే నిజము. అన్నిటికంటె పెద్ద అంకెలు రెండు చోట్ల కనబడినవి. ఒకటి సాయంకాలపు పొయ్యి. వారికి గ్యాసుబండ కలదు. కాని అది టీకి, చుట్టాలు వచ్చినప్పటికి. కూడు వండుటకు ప్రత్తికట్టె. ప్రత్తి తీసిన పిమ్మట మన ప్రాంతమున కట్టె కొదువ యుండదు. పొలములో కాల్చివేయగా మిగిలినది ఇంటికి చేరును. రెండవది మేమూహింపనే లేదు. రాత్రి తలుపులు మూసి దోమల చుట్ట వెలిగించి పడుకొందురు. ఆ గదిలో అంకె మూడువందలు దాటి, తెల్లవారువరకు దిగలేదు. పిమ్మట చదువగా తెలిసినది: 2003లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఒక్క దోమలచుట్ట కాలుటవలన వెలువడు సన్నని రేణువులు 75 మొదలు 137 సిగరెట్లవానితో సమానమని లెక్కకట్టిరి.

చుట్ట మానిపించి దోమతెర కట్టించితిమి. పొయ్యిని వసారా చివరకు మార్చిరి. పది దినములలో బాలుని రాత్రిదగ్గు సగమునకు తగ్గెను. నాకు కలిగిన గర్వమును దాచుట యెందులకు? ఉపాధ్యాయుల గదిలో పెట్టెను బల్లపై నుంచి, అడిగినవారికిని అడుగనివారికిని దాని మహిమ వివరించితిని. ఇరువదియేండ్లక్రితము శిక్షణ కళాశాలలో, ‘ఉపకరణము ఉపాధ్యాయునికి సేవకుడు’ అని మా అధ్యాపకులొకరు పలుమారు చెప్పెడివారు. ఆ సేవకుని అప్పటికే నేను యజమానిని చేసితిని.

ఫిబ్రవరి నెల. మిరప రెండవ కోత కల్లములలో ఎండుచున్నది. మన ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినవారు ఆ కాలమున నేలపై ఎర్రతివాచీలు పరచిరా యని యబ్బురపడుదురు. ఒక శనివారము సాయంకాలము బాలుడు నాయొద్దకు వచ్చి, “మాస్టారూ, రేపు గుడి అయ్యాక కల్లానికి పోవచ్చా? కాయ ఎత్తాలంట. మనుషులు చాలటంలా” అని యడిగెను. నేను క్షణము ఆలోచించి, “పెట్టె తీసికొని పో. యాభైకి లోపుంటే పని చెయ్యి, దాటితే వచ్చెయ్యి” అంటిని.

మరునాడు కల్లములో పెట్టె ముప్పదియెనిమిది చూపెను. బాలుడు నాలుగు గంటలు పని చేసెను. కాయను పోగుచేసి, తాలు ఏరి, బస్తాలకెత్తి త్రొక్కెను. నాలుగు గంటలును అంకె నలుబది చుట్టే తిరిగెనట. రాత్రి పదింటికి అతనికి మాట పెగలలేదు. పెదవులు నల్లబడెను. ఆటోలో పట్టణమునకు తీసికొనిపోయిరి. ప్రాణవాయువు పెట్టి, నెబ్యులైజరుతో మందు పట్టి, రెండు దినములు వైద్యశాలలో నుంచిరి.

సోమవారము బల్లలో అతని చోటు ఖాళీగా నుండుట చూచి నేను విచారించి వైద్యశాలకు పోతిని. తల్లి మంచము ప్రక్కన కూర్చుండియుండెను. ఆమె కోపపడలేదు. కోపపడినచో నాకు సులువుగా నుండెడిది. “మీరు పొమ్మన్నారనే పోయాడండీ మాస్టారుగారూ. పెట్టె కూడా బానే ఉందని చెప్పిందంటగా” అని మాత్రమనెను. బాలుని ముక్కుపై గొట్టముండెను. పెట్టె అతని తలదిండు క్రింద నుండెను.

పెట్టె అబద్ధమాడలేదు. నేనడిగిన ప్రశ్నకు అది చెప్పగలిగినంత చెప్పెను. ఇట్టి చవుక పెట్టెలు పొగలోని సన్నని రేణువులను చక్కగా పట్టును. మిరపధూళిలోను, ప్రత్తి నూగులోను పెద్ద రేణువులే మెండు. బుల్లి పంఖా వానిని లోనికి సరిగా లాగజాలదు, లేజరు వానిని సరిగా లెక్కింపజాలదు. పెద్ద రేణువులకొరకు తెరపై వేరొక అంకె కనబడును గాని, అది చాలవరకు చిన్నవానిని చూచి కట్టిన ఉజ్జాయింపు. ఇది యొకటి. రెండవది, మిరపలోని ఘాటు. దానికి కారణమైన కాప్సెయిసిన్ అను పదార్థము మన నరముల కొసలందలి టీ.ఆర్.పీ.వీ. 1 అను గ్రాహకమును తట్టి, నిప్పు తగిలినట్లు భ్రమింపజేయును. ఆ గ్రాహకమును 1997లో డేవిడ్ జూలియస్ పరిశోధనాబృందము మిరపఘాటు సహాయముతోనే కనుగొనినది. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్ గారితో కలిపి నోబెల్ బహుమానము లభించినది. రోగికి దగ్గు ఎంత తేలికగా రేగునో పరీక్షింపగోరు వైద్యులు కొలతప్రకారము పీల్పించునదియు ఈ కాప్సెయిసిన్‌నే. అనగా ప్రయోగశాలలో చిటికెడు కంటె తక్కువగా వాడుదానిని నేనొక ఉబ్బస బాలునికి నాలుగు గంటలు పీల్పించితిని. పెట్టెకు రేణువు తప్ప ఘాటు తెలియదు. బాలునికి కండ్లు మండినవి, ముక్కు కారినది. కాని మాస్టారు అంకె చూడుమనిరి గాని ముక్కు మాట వినుమనలేదు.

అక్కడి డాక్టరుగారు నా పెట్టెను త్రిప్పి త్రిప్పి చూచి, “ఇది సరే, పిల్లవాడు రోజూ వాడే మందేది?” అని యడిగిరి. ఏదియు లేదు. ఆయాసము వచ్చినప్పుడు పీల్చు ఇన్‌హేలరు మాత్రముండెను. నిత్యము పీల్చినచో అలవాటగునని తల్లికి భయము. ఈ భయము మన యూళ్లలో పెక్కుమందికి గలదు. నాళముల వాపును అణచు మందును ప్రతిదినము, లక్షణములు లేనప్పుడును, పీల్చవలయుననియు, అది వ్యసనము కాదనియు, ఆయాసపు మందునుమాత్రమే నమ్ముకొనుట ప్రమాదమనియు డాక్టరుగారు ఓపికతో వివరించిరి. మందు గొంతులోనే నిలిచిపోకుండుటకు స్పేసరు అను బుర్రవంటి సాధనము నిచ్చిరి. పీక్‌ఫ్లో మీటరు అను మరియొక సాధనమునుకూడ చూపిరి. ఇది గాలిని గాక, మనిషిని కొలుచును: గట్టిగా ఊదినప్పుడు ఊపిరి ఎంత వడిగా వెలువడునో చూపు నొక గొట్టము. దానికి విద్యుత్తుకూడ అక్కరలేదు. నెలరోజులు పెట్టెను మోసిన మేము దీనిని ముందే ఊదియుండవలసినది.

బాలుడు కోలుకొనిన పిమ్మట ఊదగా అతని మేలైన అంకె 310. దానిలో నూటికి ఎనుబది వంతులు, అనగా 248 పైనున్నచో క్షేమము. 248కిని 155కిని నడుమ జాగ్రత్త. 155కు దిగినచో మందు పీల్చి వెంటనే వైద్యునియొద్దకు పరుగు. ఇవి అతని అంకెలు, మరొకరివి వేరు. నోటు పుస్తకములో రెండు నిలువుగీతలు చేర్చితిమి. ఒకదానిలో ఉదయ సాయంకాలముల ఊదిన అంకె. రెండవదానికి బాలుడే ‘ముక్కు’ అని పేరు పెట్టెను: ఘాటున్నచో ఒక గీత, కండ్లు మండినచో రెండు.

మూడు వారములు గడచునప్పటికి ఆ పుస్తకము నాకిష్టము లేని సంగతి నొకటి చెప్పినది. మందు క్రమముగా పీల్చుచున్నను, ఉదయపు అంకె యింటివద్ద 240 దాటుటలేదు. ప్రక్కవీధిలోని అమ్మమ్మ యింట పడుకొనిన రాత్రుల మరునాడు 290. పెట్టె రెండిండ్లలోను ఒకే తీరు చూపెను. నేను పోయి చూచితిని. ఆ యేడు మిరప ధర పడిపోయినది మీకు గుర్తుండును. కేంద్రప్రభుత్వము ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయలుగా నిర్ణయించి మార్కెట్ జోక్య పథకము ప్రకటించినను, కౌలురైతులు పలువురు ధర యింకను పెరుగునని కాయను నిలువ చేసిరి. శీతలగిడ్డంగి అద్దె భరింపలేక, ఈ తండ్రి తన బస్తాలను ముందుగదిలో ఇంటికప్పువరకు పేర్చెను. బాలుని మంచము వానికి ఆనుకొనియుండెను.

ఆ బస్తాలలో ఆ కుటుంబపు సంవత్సరపు కష్టమున్నది. కౌలున్నది, ఎరువుల అప్పున్నది. వానిని తీసివేయుమని చెప్పుటకు నేనెవరిని? అందును, ఒకసారి నా మాట విని వైద్యశాలపాలైనవారు. రెండు దినములు చెప్పక యూరకుంటిని. మూడవనాడు తండ్రికి పుస్తకము చూపి, ఒక్కొక్క అంకెను చదివి, ఏది తెలిసినదో ఏది ఊహయో విడివిడిగా చెప్పితిని. బస్తాలే కారణమని నిరూపించుటకు నాయొద్ద సాధనము లేదనియు చెప్పితిని. ఆయన పుస్తకమును చేతికి తీసికొని చాలసేపు చూచెను. చదువు రాదు, అంకెలు తెలియును. “అమ్మమ్మింట్లోవి ఏయ్యి?” అని యడిగెను. చూపితిని. మరేమియు అనలేదు. ఆ సాయంకాలమే బాలుని మంచము అత్తగారింటికి చేరెను. తల్లి కల్లమునుండి రాగానే స్నానముచేసి, చీర మార్చి గాని కొడుకును చేరదీయుట మానెను. కూలి మానుకొనుట ఆమెకు సాధ్యము కాలేదు. నేనును అడుగలేదు.

మే నెలలో గుంటూరు మిరపయార్డుకు వేసవి సెలవులు. బస్తాలు జూనులో గాని కదలలేదు. ఏ ధరకు పోయెనో నేను విచారింపలేదు. గది కడిగి, సున్నము కొట్టి, జూలై మొదటివారమున బాలుడు తన మంచమును ఇంటికి తెచ్చుకొనెను. ఆ వారపు ఉదయపు అంకెలు నాయొద్దనున్నవి: 285, 290, 300, 295, 300. మందు నేటికిని పీల్చుచున్నాడు. కల్లమునకు పోడు, ఆ పనికి బదులు ఎరువుల లెక్క వ్రాయుచున్నాడని తండ్రి నాతో చెప్పెను.

పెట్టె ఇప్పుడు మన విజ్ఞానశాస్త్రపు గదిలో గాజు అల్మారాలో నున్నది. కావలసినవారు సంతకముచేసి ఇంటికి తీసికొనిపోవచ్చును. ఈ మధ్య ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన తమ్మునికొరకు తీసికొనిపోయినది. వారి నాన్న జిన్నింగు మిల్లులో పనిచేయును. ఆమెకు ఇచ్చునప్పుడు చూచితిని. పెట్టె వెనుక తెల్లకాగితపు ముక్క అంటించి, నీలిసిరాతో మన బాలుడు గుండ్రని అక్షరములతో వ్రాసియుంచెను: “దీనికి పొగ కనపడుతుంది. మిరపకాయ కనపడదు. పత్తి నూగు సరిగా కనపడదు.”